ఇంటి రోజులు

మా ఆయన ఇంద్రసేనయ్యది ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కమీషన్ వ్యాపారం. పొద్దున ఉగ్గాని తిని యార్డుకు పోయిన మనిషి మధ్యాహ్నం భోజనానికి వచ్చేలోపల ఎందరి పేచీలు తెంచుతాడో ఆయనకే గుర్తుండదు. రైతు ఒకటంటాడు, మిల్లు వాళ్ళు ఇంకొకటంటారు, తేమ ఉందంటారు, లేదంటారు, గొంతులు చించుకుంటారు, చివరికి టీ తాగి ఎవరి దారిన వాళ్ళు పోతారు. అట్లాంటి ఇంట్లో మూడేళ్ళుగా తెగని బేరం ఒకటి వచ్చి కూర్చుంది. అది మా అమ్మాయి శరణ్యది.

శరణ్య విమానం నడుపుతుంది. "మీ పాప విమానంలో పనిచేస్తుందంట కదా, అందరికీ టీలు ఇస్తుందా?" అని బజార్లో అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. "కాదమ్మా, వాళ్ళిచ్చిన టీ తాగుతా నడుపుతుంది" అంటాను. నా నోరు అట్లాంటిది, ఏం చేసేది.

అల్లుడు సుధీర్‌ది కూడా అదే కంపెనీ, అదే ఉద్యోగం. ఆయన దిగేసరికి ఈమె ఎక్కుతుంది, ఈమె దిగేసరికి ఆయన ఎక్కుతాడు. హైదరాబాదులో వాళ్ళిద్దరూ ఒక పూట కలిసి అన్నం తింటే అది మా ఇంట్లో పండగ వార్త. అందుకే మనవరాలు హర్షిత మాటలు నేర్చే వయసు నుంచి నా దగ్గరే పెరుగుతోంది.

పని ఎక్కువని మా పిల్ల ఏనాడూ ఏడవలేదు. ఏడ్చిందంతా సెలవుల గురించే. కంపెనీ వాళ్ళు నెలకొకసారి చార్టు పంపుతారు. ఏ రోజు ఎక్కడికి పోవాలి, ఏ రోజు ఇంట్లో ఉండొచ్చు అని. ఆ ఉండొచ్చు అన్న రోజులకు మేము ఇంటి రోజులు అని పేరు పెట్టుకున్నాం. పేరైతే పెట్టుకున్నాం గానీ, ఆ రోజులు మావి కావు. ఎవరికో జ్వరమొస్తుంది, ఎక్కడో విమానం ఆలస్యమవుతుంది, ఫోనొస్తుంది, ఇంటి రోజు కాస్తా గాల్లో కలిసిపోతుంది. ఒకసారి ఆదోని స్టేషన్లో రైలు దిగి, మా వీధి మలుపు దాకా వచ్చి, ఫోన్ రాగానే వెనక్కి పోయింది. వాకిట్లో నిలబడ్డ హర్షితకు అమ్మ ఆటో వీపు మాత్రం కనిపించింది. ఆరోజు ఆ కంపెనీ పెద్దలెవరన్నా నా చేతికి దొరికి ఉంటే, జొన్నరొట్టె తట్టినట్టు తట్టేదాన్ని.

పైలట్ల సంఘం అడిగేది కూడా పెద్ద కోరికేం కాదు. నెలకు ఇన్ని ఇంటి రోజులు అని రాసివ్వండి, ఒకసారి ఇచ్చినాక వెనక్కి తీసుకోకండి, అంతే. ఒప్పందం మీద ఆ మాట రాయడానికి మూడేళ్ళుగా కూర్చుంటున్నారు, లేస్తున్నారు. కంపెనీ తరఫున వచ్చే పెద్దమనిషి ఊరికే మారిపోతుంటాడు. కొత్తాయన వచ్చి "మొదటి నుంచి చెప్పండి" అంటాడు. వీళ్ళు మొదటి నుంచి చెబుతారు. "చాలా న్యాయంగా ఉంది, వచ్చే నెల మాట్లాడుకుందాం" అంటాడు. ఒకసారైతే రోజంతా కూర్చుని, మధ్యాహ్నం భోజనం ఎక్కడి నుంచి తెప్పించాలో ఒక్కటి మాత్రం తేల్చుకుని లేచినారంట. శరణ్య ఆ సంఘం తరఫున మాట్లాడేవాళ్ళలో ఒకతె.

పోయిన జనవరిలో ఇంటికొచ్చి, బ్యాగు కింద పెట్టకముందే చెప్పింది.

"అమ్మా, జూన్‌లో హర్షితను బడిలో వెయ్యాల. అంతలోపల ఇది తెగకపోతే నేను ఉద్యోగం మానేస్తా. పిల్లను తీసుకుపోయి ఇంట్లో కూర్చుంటా. సంఘానికి కూడా చెప్పేసినా."

ఈ పిల్ల విమానం నేర్చుకుంటానన్నప్పుడు మా ఆయనతో సహా ఇంటిల్లిపాదీ ఎదురు తిరిగితే, నేనొక్కదాన్నే దాని పక్కన నిలబడినా. ఎట్లయినా హర్షిత నా ఒళ్ళోంచి పోయేదే, అది నాకు తెలుసు. అయితే అమ్మ గెలిచి పిల్లను తీసుకుపోవడం వేరు, ఓడిపోయి తీసుకుపోవడం వేరు. గెలవాలని నా ఆశ. ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు.

శరణ్య వెంట ఒకాయన కూడా వచ్చినాడు. సంఘం అధ్యక్షుడు, కెప్టెన్ అబ్రహాం. సికింద్రాబాదులో పుట్టి పెరిగిన మనిషి, తల నెరిసింది, కోపం నెరవలేదు. శరణ్య మనసు మార్చాలని తన ఇంటి రోజు పాడుచేసుకుని అంతదూరం వచ్చినాడు. నాకు నచ్చినాడు. అయితే భోజనాల దగ్గర ఒక మాట గొప్పగా చెప్పుకున్నాడు.

"మా దగ్గర రహస్యాల్లేవమ్మా. మీటింగు అయిన సాయంత్రమే కంపెనీ ఎన్ని రోజులన్నదీ, మేం ఎన్ని రోజులన్నదీ అందరు పైలట్ల ఫోన్లకూ వెళ్ళిపోతుంది, పేపర్లకూ వెళ్ళిపోతుంది. విమానంలో మాకు మొదట నేర్పేదే అది. ఒకరు పైకి చెప్పాలి, రెండోవాళ్ళు అదే మాట మళ్ళీ పైకి చెప్పాలి. నోట్లో దాచుకున్న మాటతోనే ప్రమాదాలు జరుగుతాయి."

మా ఆయన మజ్జిగ తాగుతూ "ఓహో" అన్నాడు. ఆయన ఓహో అంటే ఆ మాట మింగుడు పడలేదని అర్థం. వచ్చిన అతిథి కదా అని ఊరుకున్నాడు.

మరుసటి రోజు ఎమ్మిగనూరు జాతర. అక్కడి ఎద్దుల పరసకు, అంటే సంతకు, మేము పోవాల్సిన పని ఉంది. కౌతాళం దగ్గర మా పొలం చేసే లక్ష్మప్ప ఒక జత ఎద్దుల మీద మనసు పడినాడు, సావుకారి పక్కన ఉంటే ధైర్యమని మా ఆయన్ను పిలిచినాడు. హర్షిత ఎద్దులను చూస్తానని ఎగిరింది. శరణ్య ముఖం చూస్తే ఇంట్లో వదిలిపోబుద్ధి కాలేదు. అబ్రహాం గారిని ఒక్కడినే ఇంట్లో ఏం కూర్చోబెడతాం. అందరం కారెక్కినాం.

పరసలో అడుగు పెట్టడానికి చోటు లేదు. దుమ్ము, గంటలు, కొమ్ములకు రంగులు, కర్ణాటక నుంచి వచ్చినోళ్ళ కన్నడం, మనవాళ్ళ అరుపులు. లక్ష్మప్ప మమ్మల్ని చూసి పరుగెత్తుకొచ్చినాడు.

"సావుకారీ, ఆ తెల్ల జత సూడు. నిన్నట్నుంచి ఈడనే తిరుగుతాండా. కలలోకి గూడా అవే వస్తాండాయి" అన్నాడు.

ఎద్దులు నిజంగానే కళ్ళు తిప్పుకోనివ్వలేదు. వాటి మనిషి ఈరన్న, హొళగుంద పక్కన ఏదో పల్లె. కన్నబిడ్డలను నిలబెట్టినట్టు నిలబెట్టుకున్నాడు. చుట్టూ వాళ్ళ ఊరి జనం. లక్ష్మప్ప వాటి నోరు తెరిచి పండ్లు చూసినాడు, ఒంటిమీది సుడులు చూసినాడు, నాలుగడుగులు నడిపించినాడు. అప్పుడు దలాలి మాదన్న భుజం మీది తువ్వాల తీసి లక్ష్మప్ప చేతిమీద కప్పినాడు.

మా వైపు ఎద్దుల బేరం అట్లానే సాగుతుంది. గుడ్డ కింద దలాలి చెయ్యి పెడతాడు, కొనేవాడు ఆయన వేళ్ళు పట్టుకుని తన ధర చెబుతాడు. దలాలి పోయి అమ్మేవాడి చేతిమీద గుడ్డ కప్పుతాడు, ఆయన తన ధర చెబుతాడు. నోటితో ఒక్క అంకె రాదు. పైన మాత్రం "నాయం సూడప్పా", "నువ్వే సూడు" అని కేకలు. మాదన్న ఇటు రెండు సార్లు, అటు రెండు సార్లు తిరిగినాడు. ఈరన్న తల అడ్డంగా ఊపుతూనే చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు. మా ఆయన నా చెవిలో "దగ్గరికొచ్చింది" అన్నాడు.

అబ్రహాం గారికి ఇదంతా కాలయాపనగా కనిపించింది. మూడేళ్ళ మీటింగులు గుర్తొచ్చి ఉంటాయి పాపం. లక్ష్మప్పను పక్కకు పిలిచి "ఎంత అన్నావు?" అని అడిగినాడు. కారులో వచ్చిన పెద్దమనిషి, సావుకారి చుట్టం అనుకుని లక్ష్మప్ప చెవిలో చెప్పినాడు. అంతే. ఈయన చెయ్యెత్తి, పరసంతా వినేట్టు గట్టిగా, ఆ అంకె చెప్పేసినాడు.

"ఈయన ఇంత ఇస్తానంటున్నాడు. మీరెంతకు ఇస్తారో మీరూ పైకి చెప్పండి. రెండు నిమిషాల్లో అయిపోతుంది!"

ఈరన్న ఊరివాళ్ళలో ఎవడో నవ్వినాడు. "ఏమప్పో ఈరన్నా, ఇంతేనా నీ ఎద్దులు? మాకాడ ఏమేమో సెప్తివే!" ఇంకొకడు అందుకున్నాడు. ఈరన్న ముఖం కందగడ్డ అయింది. గుడ్డ కింద నుంచి చెయ్యి లాగేసుకుని పగ్గం పట్టుకున్నాడు.

"నా ఎద్దుల్ని అమ్మను. ఆ రేటుకు కాదు, ఏ రేటుకూ అమ్మను. పోండి."

మాదన్న తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. లక్ష్మప్ప అక్కడే నేలమీద కూలబడినాడు. నాకు మంట ఆగలేదు.

"ఏం సార్, మీ నోటికి బ్రేకులు లేవా? విమానానికైనా ఉంటాయా?" అని అందరి ముందూ అనేసినా. హర్షిత నా చీర కొంగు పట్టుకుని వెనక్కి లాగింది.

ఆయన బిత్తరపోయినాడు. "నేను పైకి చెప్పాను, అంతే కదమ్మా. ఎక్కడున్నామో తెలియకపోతే ఎలా దిగుతాం?" అన్నాడు. నిజంగానే ఆయనకు అర్థం కాలేదు. నా కోపం సగం అక్కడే చల్లారింది.

శరణ్య మా ఎవరినీ చూడటం లేదు. ఈరన్ననే చూస్తోంది. చాలాసేపు చూసి, మెల్లగా అన్నది.

"సార్, ఆయన పోలేదు చూడండి. పగ్గం పట్టుకున్నాడు గానీ అడుగు వెయ్యలేదు. ఆయనకు అమ్మాలనే ఉంది. వాళ్ళ ఊరోళ్ళ ముందు తగ్గలేడు. తగ్గే దారి మనమే మూసేసినాం."

అబ్రహాం గారు తల తిప్పి ఈరన్న కాళ్ళ వైపు చూసినాడు.

"పోయినేడాది కంపెనీ తరఫున ఒకాయన వచ్చినాడు, గుర్తుందా? మన అంకెకు తలూపబోయినాడు. ఆ సాయంత్రమే మనం పేపర్లో వేసినాం. 'కంపెనీ దిగొచ్చింది' అని. మరుసటి మీటింగుకు ఆయనే లేడు. మనమూ అంతే. 'ఒక్క రోజు కూడా తగ్గం' అని అందరికీ పంపినాక, మనకు మాత్రం కదలడానికి చోటెక్కడిది? మూడేళ్ళుగా మనం చేస్తున్నది ఇదే సార్. పరస మధ్యలో నిలబడి అరుస్తున్నాం."

ఆ మాట అంటూ చెయ్యి చాపి పరసంతా చూపించింది. దారి కనిపించిన మనిషి ముఖం అది.

అబ్రహాం గారు నేరుగా ఈరన్న దగ్గరికి, ఆ జనం మధ్యలోకి నడిచినాడు. మళ్ళీ ఏం కొంప ముంచుతాడో అని నేను దేవుణ్ణి తలుచుకున్నా.

"అన్నా, తప్పు నాది. నాకు ఎద్దుల సంగతి ఒక్క ముక్క తెలీదు. లక్ష్మప్ప ఇంకేదో జత గురించి చెప్పిన మాట తెచ్చి మీ జతకు అంటగట్టాను. మీ ఎద్దులకు ఆ ధర ఎవరూ అనలేదు. అందరూ వినండి, తెలివితక్కువవాణ్ణి నేను" అన్నాడు. అదీ గట్టిగానే అన్నాడు.

అబద్ధమని అక్కడ నలుగురికి తెలుసు. మిగిలినోళ్ళందరూ ఈయన్ను చూసి పడీ పడీ నవ్వినారు. "ఇమానం సారు ఆకాశంలోంచి దారి తప్పి పరసలో దిగినాడప్పా!" అని ఒకడు. ఈరన్నను చూసి నవ్విన నోళ్ళే ఇప్పుడు ఈయన వైపు తిరిగినాయి. ఆయన చేతులు కట్టుకుని నిలబడి ఆ నవ్వంతా తిన్నాడు. అంత పెద్ద మనిషి, టోపీ పెట్టుకుని విమానం దిగితే జనం పక్కకు జరిగే మనిషి. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగినాయి, ఇందాక అన్న మాటకు సిగ్గేసింది.

ఈరన్న పగ్గం వదులు చేసినాడు. "తెలీనోళ్ళతో నాకేం పంతం లే సార్. రా మాదన్నా" అని చెయ్యి చాపినాడు. మాదన్న తువ్వాల మళ్ళీ కిందికి దిగింది. ఈసారి ఇటొకసారి, అటొకసారి, అంతే. ఈరన్న పగ్గం తీసి లక్ష్మప్ప చేతిలో పెట్టినాడు, పెట్టి ఎద్దు మెడ నిమిరి అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. ఎంతకు తెగిందో నాకు తెలీదు. మా ఆయనకు తెలిసినా చెప్పడు.

తిరుగు దారిలో, ఎమ్మిగనూరు దాటినాక అబ్రహాం గారు "శరణ్యా, నువ్వు మానేస్తే నేనొక్కణ్ణే ఆ గదిలో కూర్చోలేను. జూన్ లోపల ఈ కొత్త దారిలో ప్రయత్నిద్దాం, నాతో ఉండు" అన్నాడు. అది "ఊ" అన్నది. ఆ ఊ కోసం నేను జనవరి చలిలో చెమటలు పట్టి కూర్చున్నా.

తర్వాత సంగతులు నాకు ఫోన్లోనే తెలిసినాయి. అబ్రహాం గారు పైలట్లందరికీ తన పేరు మీదే రాసినాడంట. ఇన్నాళ్ళూ ప్రతి మీటింగునూ బజార్లో పెట్టింది నా పొరపాటు, ఇకనుంచి వాళ్ళ తరఫున ఇద్దరు, మన తరఫున ఇద్దరు, ఒక గదిలో కూర్చుంటాం, మధ్యలో ఏ అంకె కూడా బయటికి రాదు, అంతా తెగినాక మొత్తం మీ ముందు పెడతాం, వద్దంటే చించి పారేద్దాం అని. సంఘం తరఫున ఆ ఇద్దరూ ఆయన, మా శరణ్య.

చాలామంది ఒప్పుకోలేదు. లోపల అమ్ముడుపోతున్నారని ఎవరెవరో శరణ్యకు మెసేజీలు పెట్టినారు. ఇన్నేళ్ళూ దానితో కలిసి తిన్నవాళ్ళే పలకరించడం మానేసినారు. ఒకరోజు ఫోన్ చేసి ఏడ్చింది.

"వాళ్ళకు చెప్పేస్తే పోతుంది కదా, ఎంతవరకు వచ్చిందో" అన్నా నేను, దాని ఏడుపు భరించలేక.

"చెప్తే తెగదమ్మా" అని ముక్కు చీదుకుంది. "ఇంకొన్నాళ్ళు తిట్టుకోనీ."

మార్చి పోయింది, ఏప్రిల్ పోయింది. నేను హర్షిత సామాను సర్దనూ లేదు, హైదరాబాదు బడికి గుడ్డలు కుట్టించనూ లేదు. ఏది చేస్తే ఏది చెడుతుందో అని భయం. మే నెల ఎండలో ఒక మధ్యాహ్నం మా ఆయన యార్డు నుంచి చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చినాడు. ఫోన్ చెవికి పెట్టుకునే ఉన్నాడు.

"సంతకాలైనాయి శాంతా! పైలట్లందరూ ఓట్లేసి ఒప్పుకున్నారంట!"

కంపెనీ వాళ్ళు కొన్ని రోజులు పెంచినారంట, సంఘం కొన్ని రోజులు తగ్గిందంట. ఎవరు ముందు కదిలినారో శరణ్య నాక్కూడా చెప్పలేదు. ఇచ్చిన ఇంటి రోజును వెనక్కి తీసుకోకూడదన్న మాట మాత్రం ఒప్పందంలో అక్షరం పోకుండా ఉంది. నేను హాల్లో నిలబడి పెద్దగా నవ్వినా, నవ్వుతూనే ఏడ్చినా. అప్పుడు నాకు గుర్తొచ్చింది, ఇక హర్షిత పోతుందని.

ఆ నెల చివర్లో పిల్లను తీసుకుపోవడానికి శరణ్య వచ్చింది. వరుసగా ఇంటి రోజులు. పొద్దున్నే హర్షితను ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వుతోంది. ఒక జడ వేసింది, రిబ్బను కట్టింది. రెండో పాయ చేతికి తీసుకుంది. అప్పుడు ఫోన్ మోగింది.

మా ఆయన నోటి దగ్గరి ముద్ద అక్కడే ఆగిపోయింది. కంపెనీ నంబరే. హర్షిత ఎవరినీ ఏమీ అడగలేదు. విరబోసిన సగం జుట్టుతో లేచి వసారాలోకి పోయి, అమ్మ నల్ల బూట్లు రెండు చేతులతో పట్టుకొచ్చి ముందు పెట్టింది. అట్లా చెయ్యమని దానికి ఎవరూ నేర్పలేదు. నేను కూడా నాకు తెలీకుండానే దువ్వెన కోసం చెయ్యి చాపినా. ఎప్పుడూ రెండో జడ వేసేది నేనే.

శరణ్య ఫోన్ ఎత్తింది. అవతలివాళ్ళు చెప్పింది విన్నది.

"ఈరోజు నా ఇంటి రోజు. రాను" అన్నది.

అవతల కీబోర్డు చప్పుడు వినిపించింది. తర్వాత ఎవరో ఆడపిల్ల గొంతు, మామూలుగా, "సరే మేడం, వేరేవాళ్ళను చూసుకుంటాం. సారీ" అన్నది. అంతే. ఆ ఒక్క మాటకు మూడేళ్ళు పట్టింది.

శరణ్య ఫోన్ పక్కన పెట్టి, నేను చాపిన చెయ్యి చూసి, దువ్వెన తనే పట్టుకుంది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నా. ఆ చేతికి ఏం పని చెప్పాలో తెలీక కొంగు సర్దుకున్నా.

హర్షిత ఆ బూట్ల పక్కనే నిలబడి ఉంది. అమ్మ కాళ్ళ వంక చూసింది, ముఖం వంక చూసింది.

"అమ్మా, తొడుక్కోవా?"

"తొడుక్కోను."

"రేపు?"

"రేపు కూడా తొడుక్కోను."

అది బూట్లను కాలితో పక్కకు నెట్టి, వచ్చి అమ్మ ముందు వీపు పెట్టి కూర్చుంది.

"అయితే ఈ జడ కూడా నువ్వే వెయ్యి" అన్నది.